పాత చిత్రానికి కొత్త వెలుగు

హాస్యరసానికి వార్ధక్యం లేదని పెద్దలు చెబుతారు. అయితే ఆ హాస్యాన్ని తనలో దాచుకొన్న ఫిలింకు మాత్రం వార్ధక్యం తప్పదు. కాలం గడిచేకొద్దీ ఫిలిం కుంచించుకుపోతుంది, గీతలు పడుతుంది. చల్లని, తేమలేని గదిలో ఉంచకపోతే ఎసిటేట్ ఫిలిం వెనిగర్ వాసన వేస్తూ క్రమంగా శిథిలమవుతుంది. అందువల్లనే పాత చిత్రాలను పునరుద్ధరించి, నేటి ప్రేక్షకులు తమ ఇళ్లలోనే చూడగలిగే విధంగా అందించే ప్రయత్నాలు అనేక దేశాలలో సాగుతున్నాయి. బ్రిటిష్ హాస్యచిత్రాలలో అగ్రశ్రేణికి చెందిన 'ద లేడీకిల్లర్స్' 2020లో ఇటువంటి పునరుద్ధరణకు నోచుకొంది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి సంవత్సరాలలో పశ్చిమ లండన్‌లోని ఈలింగ్ స్టూడియో మైకేల్ బాల్కన్ ఆధ్వర్యంలో విశిష్టమైన హాస్యచిత్రాలను నిర్మించింది. ఈ చిత్రాలలోని హాస్యం మొరటుది కాదు. అది మర్యాద అనే తెరచాటున నిలిచి నవ్విస్తుంది. 1949లో వచ్చిన 'కైండ్ హార్ట్స్ అండ్ కరొనెట్స్', 1951లో వచ్చిన 'ద లావెండర్ హిల్ మాబ్' ఆ కోవకు చెందినవే. 1955లో స్టూడియో భవనాలు బి.బి.సి. చేతికి వెళ్లాయి. అదే సంవత్సరం అలెగ్జాండర్ మెకెండ్రిక్ దర్శకత్వంలో 'ద లేడీకిల్లర్స్' విడుదలైంది.

కథ చాలా చిన్నది. లండన్‌లోని కింగ్స్ క్రాస్ రైల్వేస్టేషన్ సమీపంలో, ఒక పక్కకు ఒరిగిపోయిన పాత ఇంటిలో మిసెస్ విల్బర్‌ఫోర్స్ అనే వృద్ధ వితంతువు నివసిస్తూ ఉంటుంది. ప్రొఫెసర్ మార్కస్ అనే వ్యక్తి వచ్చి మేడమీద గది అద్దెకు తీసుకొంటాడు. అతడూ, అతని నలుగురు మిత్రులూ తాము సంగీత విద్వాంసులమని చెబుతారు. గదిలో గ్రామఫోను రికార్డు మోగుతూ ఉంటుంది, వారు మాత్రం దోపిడీకి పథకం వేస్తూ ఉంటారు. దోచిన సొమ్మును ఆ వృద్ధురాలి చేతనే ఇంటికి చేర్పిస్తారు. రహస్యం తెలిసిపోయాక ఆమెను చంపాలని నిశ్చయించుకొంటారు. కాని ఆ పని చేయడానికి ఒక్కరికీ మనసు ఒప్పదు. చివరకు వారిలో వారే కడతేరిపోతారు. ప్రొఫెసర్‌గా అలెక్ గిన్నెస్ నటించాడు. యువకుడైన పీటర్ సెల్లర్స్ ముఠాలో ఒకడు. వృద్ధురాలి పాత్ర ధరించిన కేటీ జాన్సన్ 1878లో జన్మించింది. డెబ్బయ్యారేళ్లు నిండిన వయస్సులో నటించిన ఈ చిత్రం ఆమెకు బ్రిటిష్ అకాడమీ వారి ఉత్తమ బ్రిటిష్ నటి బహుమతిని తెచ్చిపెట్టింది.

ఈ చిత్రాన్ని టెక్నికలర్ పద్ధతిలో తీశారు. పునరుద్ధరణలోని సాధకబాధకాలు తెలియాలంటే ముందుగా ఆ పద్ధతిని గ్రహించాలి. టెక్నికలర్ కెమెరాలో ఒకటి కాదు, మూడు ఫిలింలు ఏకకాలంలో నడుస్తాయి. కటకం గుండా వచ్చిన కాంతిని లోపల అమర్చిన పట్టకం రెండుగా చీలుస్తుంది. ఒక భాగం నేరుగా వెళ్లి ఆకుపచ్చ వెలుగును ఒక ఫిలింపై నమోదు చేస్తుంది. పక్కకు మళ్లిన రెండవ భాగం ఒకదానికొకటి ఆనుకొని నడిచే రెండు ఫిలింలపై ఎరుపు, నీలం వెలుగులను నమోదు చేస్తుంది. విచిత్రమేమంటే ఈ మూడూ నలుపు తెలుపు ఫిలింలే! ప్రదర్శన ప్రతిని తయారుచేసేటప్పుడు మాత్రమే రంగులు వస్తాయి. మూడు నెగటివ్‌ల నుంచి మూడు అచ్చులు చేసి, ఒక్కొక్క అచ్చుతో ఒక్కొక్క రంగును ఒకే ఫిలింపై అద్దుతారు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ వస్త్రాలను అద్దేవారు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క కొయ్య అచ్చును వాడతారు. రెండవ అచ్చు ఏమాత్రం పక్కకు జరిగినా పువ్వు రంగు రేకు దాటిపోతుంది. టెక్నికలర్‌కు కూడా ఇదే చిక్కు.

1950వ దశకంలో ఒకే ఫిలింపై మూడు రంగులనూ పట్టగల ఈస్ట్‌మన్‌కలర్ వ్యాప్తిలోకి రావడంతో బరువైన ఆ మూడు ఫిలింల కెమెరాలు మూలపడ్డాయి. వాటితో బ్రిటన్‌లో తీసిన చివరి చిత్రాలలో 'ద లేడీకిల్లర్స్' ఒకటి. కాలం చెల్లిన ఆ పద్ధతే చిత్రానికి రక్ష అయింది. ఈస్ట్‌మన్‌కలర్ నెగటివ్‌లో రంగు ఉంటుంది కనుక అది సంవత్సరాల తరబడి వెలిసిపోతుంది. టెక్నికలర్ నెగటివ్‌లలో ఉన్నది వెండి రేణువులతో ఏర్పడిన నలుపు తెలుపు బొమ్మ. అందులో వెలిసిపోవడానికి రంగే లేదు. ఆరున్నర దశాబ్దాల తరువాత కూడా 1955 నాటి ఎరుపు ఎంత ఎరుపో ఆ నెగటివ్‌లు సాక్ష్యం చెప్పగలిగాయి.

ఈలింగ్ చిత్రాల హక్కులు గల స్టూడియోకెనాల్ సంస్థ 2020లో ఈ అసలు నెగటివ్‌ల నుంచే 4కె పునరుద్ధరణ చేయించింది. గంటన్నర నిడివి గల చిత్రంలో, క్షణానికి 24 చొప్పున, దాదాపు లక్షా ముప్పై వేల ఫ్రేములుంటాయి. ఇక్కడ ఫిలింలు మూడు కనుక ఆ సంఖ్య నాలుగు లక్షలకు చేరువవుతుంది. ఇటువంటి పనిలో ప్రతి ఫ్రేమునూ విడిగా స్కాన్ చేసి, మూడింటినీ కంప్యూటరులో ఒకదానిపై ఒకటి సరిగా కూర్చాలి. మూడు ఫిలింలూ ఒకే విధంగా కుంచించుకుపోవు. మధ్యభాగం సరిపోతే అంచు సరిపోదు. అప్పుడు ముఖం చుట్టూ ఎర్రని, పచ్చని అంచులు కనబడతాయి. ఎరుపును నమోదు చేసిన నెగటివ్‌పై ధూళి పడితే తెరపై ఎర్రని చుక్క మెరుస్తుంది. దానిని తొలగించడానికి మిగిలిన రెండు ఫిలింలు గాని, ముందు వెనుక ఫ్రేములు గాని ఆధారమవుతాయి.

హాస్యచిత్రం విషయంలో మరొక చిక్కు ఉంది. హాస్యనటుని ప్రతిభ అంతా సమయజ్ఞానంలోనే ఉంటుంది. అతికించిన చోట ఆరు ఫ్రేములు పోతే పోయేది పావు క్షణమే. ఆ పావు క్షణంలోనే గిన్నెస్ కనుబొమ ఎగరవలసి ఉంటే, ప్రేక్షకునికి నవ్వు రాదు. ఎందుకు రాలేదో కూడా అతనికి తెలియదు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న, ఎక్కడ ఆగాలి అన్నది. ఆనాటి ప్రేక్షకులు చూసినది అద్దకపు ప్రతి. నెగటివ్‌లో ఉన్న సూక్ష్మవివరాలన్నీ ఆ ప్రతిలోకి దిగేవి కావు. ఈనాటి స్కానర్ వాటిని కూడా పట్టి చూపుతుంది. గిన్నెస్ పెట్టుకొన్న కట్టుడు పళ్లు, ముఖంపై పూసిన పూత మరింత స్పష్టమవుతాయి. కంప్యూటరుతో వాటిని సవరించడం కష్టం కాదు, కాని అది పునరుద్ధరణ అనిపించుకోదు. కాలం చేసిన గాయాన్ని మాన్పవచ్చు గాని, కళాకారుని చేతి గుర్తును చెరపరాదు. ఫిలిం రేణువులను పూర్తిగా తుడిచివేస్తే మనుషుల చర్మం మైనపు బొమ్మలా నున్నగా మారుతుంది. ఆ తప్పు అనేక డిస్కులలో జరిగింది.

తెలుగువారికి ఈ భేదం సుపరిచితమే. 1957 నాటి నలుపు తెలుపు 'మాయాబజార్' 2010లో రంగులలో విడుదలైంది. అది అపారమైన శ్రమతో కూడిన పని, జనాదరణ కూడా పొందింది. కాని అక్కడి రంగులు తరువాతివారు ఊహించి చేర్చినవి. ఇక్కడి రంగులు 1955లో ఛాయాగ్రాహకుడు ఒట్టో హెల్లర్ కెమెరా ముందు ఉన్నవే. టెక్నికలర్ అనగానే కళ్లు జిగేలుమనిపించే రంగులు గుర్తుకు వస్తాయి. హెల్లర్ ఆ దారి తొక్కలేదు. రైలుపొగతో మసిబారిన గోడల నడుమ వృద్ధురాలి లేత వన్నెల దుస్తులను మాత్రమే మెరిపించాడు. రంగులను గాఢం చేస్తే నేటి టెలివిజన్ తెరపై అందంగా ఉండవచ్చు. కాని కథలోని వ్యంగ్యం ఎగిరిపోతుంది.

ఇంటిలో చూసే వారికి దీని ప్రయోజనం ఏమిటి? బ్రిటన్‌లోని డివిడిలో ఒక బొమ్మకు 720 అడ్డం, 576 నిలువు చుక్కలుంటాయి. అల్ట్రా హెచ్.డి. డిస్కులో అవి 3840, 2160. అంటే దాదాపు ఇరవై రెట్లు. అయినా ఈ లెక్క కంటె చీకటి దృశ్యాలే ముఖ్యం. చిత్రం చివరిభాగమంతా రాత్రివేళ, సొరంగం పైన, ఆవిరి యంత్రాలు వదిలే తెల్లని పొగలో నడుస్తుంది. కొత్త డిస్కులు నలుపులోని అంతరాలను, పొగలోని పొరలను వేరువేరుగా చూపగలవు. ఆ పొగలోకే దొంగలు ఒక్కొక్కరుగా గూడ్సు పెట్టెలలోకి జారిపోతారు. వృద్ధురాలి ఇల్లు చిత్రం కోసం కోపెన్‌హాగెన్ సొరంగం పైన వేసిన సెట్టు. ఆ సెట్టూ లేదు, ఆ ఆవిరి బండ్లూ లేవు. మరుసటి ఉదయం సొమ్ము తిరిగి ఇవ్వడానికి పోలీసు స్టేషనుకు వెళ్లిన ఆమె మాటను అక్కడివారు నమ్మరు. ఆ డబ్బు మీరే ఉంచుకోండమ్మా అని నవ్వుతూ సాగనంపుతారు.