మీటరు లేని బండి రోడ్డెక్కవచ్చా?

పాత జీపు కొని దాన్ని మళ్లీ నిలబెట్టుకోవడం అనంతపురం జిల్లాలో చాలామందికి ఉన్న ముచ్చట. యాడికి, రాయలచెరువు, తాడిపత్రి చుట్టుపక్కల చేలగట్ల దారులకూ, గనుల దారులకూ జీపంత నమ్మకమైన బండి లేదని పెద్దలు ఇప్పటికీ అంటారు. షెడ్డుకు తోలి, బాడీ విప్పి, వెడల్పాటి టైర్లు వేసి, పాత డ్యాష్‌బోర్డు స్థానంలో ఇనుప రేకు బిగించేసరికి బండి కళ మారిపోతుంది. ఆ రేకు మీద చాలాసార్లు లేకుండా పోయేది మీటరే. ‘దాంతో పనేముందప్పా, ఇంజను శబ్దం వింటే స్పీడు తెలీదా?’ అన్న మాటతో ఆ సంగతి అక్కడికి ముగుస్తుంది.

చట్టం దగ్గర మాత్రం ముగియదు. కారైనా జీపైనా స్పీడోమీటరు లేకుండా రోడ్డు మీద నడపడం మన దేశంలో చట్టవిరుద్ధం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 117వ నిబంధన దీని గురించే. సీట్లో కూర్చున్న డ్రైవరుకు గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నాడో కనిపించాలని అది చెబుతుంది. 62వ నిబంధన కింద ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పరీక్షించాల్సిన వాటి జాబితాలో బ్రేకులు, స్టీరింగు, లైట్లతో పాటు స్పీడోమీటరు పేరు కూడా ఉంది. బాడుగకు తిరిగే బండ్లకు ఎనిమిదేళ్లు దాటాక ఏటేటా ఎఫ్‌సీ తప్పదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాల్సిందే. పాత జీపులన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మరి కిలోమీటర్లు లెక్కపెట్టే ఓడోమీటరు సంగతి? ఇక్కడ చాలామంది రెంటినీ ఒకటిగా చూస్తారు. 117వ నిబంధన అడిగేది వేగం చూపే సాధనాన్ని. తిరిగిన దూరం అంకెలు ఆగిపోయినంత మాత్రాన ఆ నిబంధన తప్పినట్టు కాదు. అయితే పాత బండ్లలో ఈ రెండూ ఒకే డబ్బాలో, ఒకే కేబులు మీద నడుస్తాయి గనక కేబులు తెగితే రెండూ ఆగిపోతాయి.

ఆ డబ్బా లోపల జరిగే పని తెలిస్తే రిపేరు ఎంత చిన్నదో అర్థమవుతుంది. జర్మనీకి చెందిన ఓటో షుల్జె 1902లో పేటెంటు పొందిన పద్ధతే పాత జీపు మీటరులోనూ ఉంటుంది. గేరుబాక్సు వైపు నుంచి వచ్చే కేబులు చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ, దానికి తగలకుండా, అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ గిన్నెలో విద్యుత్ ప్రవాహాలు పుట్టి అది కూడా తిరగబోతుంది. సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు బలాలు ఎక్కడ సరిపోతే ముల్లు అక్కడ నిలుస్తుంది. లోపలి కేబులు కొస నలుపలకలుగా ఉంటుంది. అది అరిగి గుండ్రమైతే పట్టు తప్పి ముల్లు పడిపోతుంది. గ్రీజు ఎండిపోతే టిక్కుటిక్కుమని శబ్దం చేస్తూ ముల్లు వణుకుతుంది. తెగిన కేబులు మార్చుకోవడం బండి మీద పెట్టే ఖర్చుల్లో అతి చిన్నది. ఇంత చిన్న పనికి ఆలసించి చట్టం పాలు కావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మీటరు పాడవడం వేరు, మీటరే తీసేసి బండి రూపు మార్చడం వేరు. రెండోదే పెద్ద చిక్కు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వాటికి మారడానికి ఆమోదం పొందిన కిట్లున్నాయి. దివ్యాంగులు తమకు అనువుగా బండి మార్చుకోవడానికి దారి ఉంది. అనుమతితో చేసుకున్న మార్పును 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. కంపెనీ ఇచ్చిన అసలు నిర్దేశాలకు తేడా వచ్చే మార్పు కుదరదని తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి శిక్ష కూడా పెరిగింది. 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద చట్టం ఒప్పని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. టైర్లు, బంపరు, సైలెన్సరు, మీటరు అని లెక్కేస్తే మొత్తం ఎంతవుతుందో మీకే తెలుస్తుంది.

కావాలని తీసేయలేదు, పాడైంది అంతే అంటే దారి వేరు. అప్పుడు సాధారణ ఉల్లంఘనకు 177వ సెక్షన్ ఉంది, మొదటిసారి 500 రూపాయల దాకా. ఆ లోపం వల్ల బండి నడపడమే ప్రమాదకరమని తేలితే 190వ సెక్షన్ కింద 1,500 దాకా జరిమానా. అదే లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. తెలిసిన లోపమే కాదు, మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసేదైనా చాలంటుంది ఆ సెక్షన్. ఆగిపోయిన ముల్లు డ్రైవరు కళ్ల ముందే ఉంటుంది, తెలియలేదనడానికి వీల్లేదు.

బ్రిటన్ చట్టం ఈ విషయంలో కొంత కనికరం చూపింది. 1937 అక్టోబరు 1 తర్వాత మొదటిసారి రోడ్డెక్కిన బండికి అక్కడ స్పీడోమీటరు తప్పనిసరి, గంటకు 25 మైళ్లు మించలేని బండ్లకు మినహాయింపు. దారిలోనే పాడైందనో, బాగుచేయించే పని ఆలస్యం లేకుండా మొదలుపెట్టాననో చూపగలిగితే తప్పు నుంచి బయటపడవచ్చు. మన దగ్గర తనిఖీలో దొరికితే కేబులు కొన్న బిల్లో, షెడ్డు రసీదో చేతిలో ఉండటం మంచిదని నా సలహా.

ఈ ప్రాంతంలో తరచూ వచ్చే మరో ప్రశ్న సున్నపురాయి గనులదీ, బోయరెడ్డిపల్లి సిమెంటు ఫ్యాక్టరీ వంటి చోట్లదీ. ఆవరణ లోపల తిరిగే బండికి ఇవన్నీ వర్తిస్తాయా? ఫ్యాక్టరీలోనో, కంచె వేసిన ఆవరణలోనో మాత్రమే వాడటానికి ప్రత్యేకంగా చేసిన బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. కానీ ఈ మినహాయింపు బండి తయారీని బట్టి వస్తుంది, అది ఇవాళ ఎక్కడ తిరుగుతోందన్న దాన్ని బట్టి కాదు. రోడ్డు మీద పోయేందుకు తయారైన జీపును గనిలో తిప్పినంత మాత్రాన అది ఆ కోవలోకి రాదు. జనానికి రాకపోకల హక్కున్న చోటల్లా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. ఇంజను తగిలించి చేతిపనిగా కూర్చిన జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేనని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

కాగితాలకూ బండికీ పొంతన ఎంత ముఖ్యమో తాడిపత్రి వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తుక్కు కింద కొన్న బీఎస్-3 లారీలను బీఎస్-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్టరు చేయించారన్న ఆరోపణతో 2020లో నడిచిన కేసు జిల్లా అంతటా చర్చకు వచ్చింది. అది మీటరు విషయం కాదు గానీ, ఆర్సీలో ఒకటి, రోడ్డు మీద ఇంకొకటి అయితే ఎంత దూరం పోతుందో అందరికీ తెలిసొచ్చింది.

చట్టం మాట అటుంచి, ప్రాణాల సంగతికి వద్దాం. గుత్తి, తాడిపత్రి మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి మీద ఇంజను శబ్దాన్ని నమ్ముకుని వేగం అంచనా వేయడం పొరపాటు. కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం కారుకు నాలుగు వరుసల డివైడర్ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు, మామూలు రోడ్ల మీద 70. ఈ తేడా చెవికి తెలిసేది కాదు. మీటరు ఉంచుకుని టైర్లు మాత్రం పెద్దవి వేసినా ఇదే ముప్పు. 72 సెంటీమీటర్ల టైరు తీసి 79 సెంటీమీటర్లది వేశారనుకుందాం. చక్రం ఒక్క చుట్టుకు పోయే దూరం పదో వంతు దాకా పెరుగుతుంది, కేబులుకు మాత్రం ఆ సంగతి తెలియదు. ముల్లు 60 దగ్గరుంటే బండి దాదాపు 66లో పోతుంటుంది. బ్రేకు వేశాక బండి ఆగే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఆ ఆరు కిలోమీటర్ల తేడాకు ఆగే దూరం ఐదో వంతు పెరుగుతుంది. మేకల మంద రోడ్డు దాటే చోట ఆ ఐదో వంతు చాలా ఎక్కువ.

సెల్‌ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుంటే సరిపోదా అని కుర్రాళ్లు అడుగుతారు. మన మీటరు నిజం చెబుతోందో లేదో సరిచూసుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. బండికి బిగించిన సాధనం కాదు గనక 117వ నిబంధన కింద మాత్రం చెల్లదు.

కొనేవాళ్లకు ఓడోమీటరుతోనే అసలు పని. అమెరికా 1972లోనే అంకెలు వెనక్కి తిప్పడాన్ని కేంద్ర చట్టంతో నేరం చేసింది. మన దగ్గర దానికంటూ విడి చట్టం లేదు. మీటరు తిప్పి అమ్మితే మోసం కింద భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఆసరా, డీలరు దగ్గర కొన్నదైతే వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. మీటరు నిజంగానే పాడై మార్పిస్తే పాత అంకె, మార్చిన తేదీ ఉన్న బిల్లు దాచిపెట్టుకోండి. రేపు అమ్మేటప్పుడు మీ నిజాయితీకి అదే రుజువు.

షెడ్డులో జీపు వదిలేముందు మేస్త్రీకి ఒక్క మాట గట్టిగా చెప్పండి: రేకు ఏ ఆకారంలో కొట్టినా, మీటరుకు చోటు వదిలి, కేబులు కలిపి, ముల్లు కదిలాకే బండి బయటికి తీయమని.