లీన్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ అంకుర సంస్థ నిర్మాణం: ఉద్దానం జీడి వ్యాపారానికి అన్వయం

ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం జిల్లాలోని పూండి, పలాస, టెక్కలి ప్రాంతాల యువత చదువు ముగించి ఉపాధి కోసం విశాఖపట్నం, హైదరాబాదు, బెంగళూరు నగరాలకు తరలిపోవడం పరిపాటి. వారిలో ఎవరైనా స్వస్థలంలో సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించదలచినప్పుడు కుటుంబం కూడబెట్టిన సొమ్మే తరచుగా పెట్టుబడి అవుతుంది. అది వ్యర్థమైతే రెండవ ప్రయత్నానికి అవకాశం ఉండదు. అందువల్ల దేనిని నిర్మించనవసరం లేదో ముందుగా తెలుసుకోవడం అత్యవసరం. అందుకు లీన్ పద్ధతి ఎంతవరకు తోడ్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పద్ధతి స్వరూపం:

జపాన్‌లోని టొయోటా సంస్థలో తాయిచీ ఓనో రూపొందించిన ఉత్పత్తి విధానం దీనికి మూలం. అవసరమైన వస్తువును అవసరమైన సమయంలో, అవసరమైన మేరకే తయారుచేయడం దాని సారం. 1988లో జాన్ క్రాఫ్‌సిక్ ఈ విధానాన్ని ‘లీన్’ అని వ్యవహరించారు. ఎరిక్ రీస్ 2011లో వెలువరించిన ‘ది లీన్ స్టార్టప్’ గ్రంథంలో దానిని అంకుర సంస్థలకు అన్వయించారు. కర్మాగారంలో పేరుకుపోయిన సరుకు వృథా అయినట్లే, ఎవరికీ అక్కరలేని సాఫ్ట్‌వేర్‌కు వెచ్చించిన కాలం అంకుర సంస్థలో వృథా అవుతుంది.

ఈ పద్ధతి వ్యాపార ఆలోచనను రుజువుకాని ఊహగా పరిగణిస్తుంది. ఊహను పరీక్షించడానికి చాలినంత చిన్న నమూనాను తయారుచేయడం, వినియోగదారుల ప్రవర్తనను కొలవడం, ఆ ఫలితాన్నిబట్టి కొనసాగడమో దిశ మార్చుకోవడమో నిర్ణయించడం ఇందులోని మూడు దశలు.

2. రెడ్‌బస్ అనుభవం:

రీస్ గ్రంథం రాకముందే తెలుగువారు స్థాపించిన ఒక సంస్థలో ఈ క్రమం కనిపిస్తుంది. 2005 దీపావళికి బెంగళూరు నుండి హైదరాబాదు వెళ్లడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్టు దొరకలేదు. ఆయన, బిట్స్ పిలానీలో చదివిన మిత్రులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి కలిసి మొదట బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. యజమానులు ఆసక్తి చూపలేదు. అప్పుడు వారి నుండి కొన్ని సీట్లు తీసుకొని, వెబ్‌సైటు ద్వారా ప్రయాణికులకు అమ్మే మార్గాన్ని చేపట్టారు. 2006లో ఆరంభమైన ఆ సంస్థను 2013లో ఇబిబో గ్రూపు కొనుగోలు చేసింది. యజమాని ఆశించేది సీటు నిండడమేనని మొదటి తిరస్కరణ నుండి గ్రహించవచ్చు.

3. జీడి వ్యాపారానికి అన్వయం:

ఉద్దానంలో జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. వాటిని పలాస, కాశీబుగ్గ కర్మాగారాలలో ఒలిచి, పొట్టు తీసి, గ్రేడులుగా విభజిస్తారు. రైతుకు రోజువారీ ధర తెలిపి, నేరుగా కర్మాగారంతో కలిపే ఒక యాప్‌ను ఉదాహరణగా ఊహించవచ్చు. ఇందులో రెండు ఊహలు దాగి ఉన్నాయి. రైతుకు ధర తెలియదన్నది మొదటిది. తెలిస్తే నచ్చినచోట అమ్ముకోగలడన్నది రెండవది. పంటకు ముందే వ్యాపారి వద్ద అప్పు తీసుకున్న రైతు విషయంలో రెండవ ఊహ నిలవదు. అతనికి ధర తెలిసినా సరుకు ఆ వ్యాపారికే చేరుతుంది. అప్పుడు తీర్చవలసిన అవసరం రుణం లేదా నిల్వ సదుపాయం అవుతుంది.

దీనిని తెలుసుకోవడానికి యాప్ అక్కరలేదు. ఇరవై మంది రైతులకు రోజూ ఫోనులో ధర తెలిపి, ఎవరు ఎన్ని బస్తాలు ఎవరికి అమ్మారో పుస్తకంలో నమోదు చేస్తే చాలు. యాప్‌ను ఎందరు దించుకున్నారన్న సంఖ్య సంతోషాన్నిస్తుందేగాని, చేతులు మారిన బస్తాల సంఖ్యే సత్యాన్ని చెబుతుంది.

4. పరిమితులు:

త్వరత్వరగా పరీక్షించి నేర్చుకోవడం ఈ పద్ధతి బలం. జీడిపంట ఏడాదికి ఒక్కసారే చేతికి వస్తుంది. ఆ కొద్ది వారాలు దాటితే మరుసటి ఏడు వరకు వేచి ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను కూల్చినట్లు, ప్రకృతి కూడా లెక్కలను తారుమారు చేయగలదు. కనుక రుణాలు, నిల్వలకు సంబంధించిన విచారణను పంటకు ముందే ముగించి, పంటకాలాన్ని అమ్మకాల పరీక్షకే కేటాయించాలి. ప్రయోగంలో కలిగే నష్టం రైతుపై పడకుండా చూడడం నిర్వాహకుని బాధ్యత.

ముగింపు:

లీన్ పద్ధతి విజయానికి హామీ ఇవ్వదు. తప్పు ఊహకు చెల్లించే మూల్యాన్ని తగ్గిస్తుంది. పెట్టుబడి స్వల్పంగా ఉన్న పూండి వంటి ప్రాంతాలలో, రెండవ ప్రయత్నానికి సొమ్ము మిగల్చడమే దాని ముఖ్య ప్రయోజనం.