మీకు తెలుసా? ఉప్పలపాడు చెరువులో గూడబాతులు

గుంటూరుకు కూతవేటు దూరంలో, పత్తి, మిరప చేల నడుమనున్న ఉప్పలపాడు ఊరచెరువులోని సర్కారు తుమ్మలపై గూళ్లు కట్టుకొనే బూడిదరంగు గూడబాతు, ప్రపంచంలో దక్షిణ, ఆగ్నేయాసియాలకే పరిమితమై, ముప్పుకు చేరువైనదిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య గుర్తించిన జాతి. పై ముక్కు అంచున వరుసగా కనిపించే నీలినల్లని చుక్కలే దీని ఆనవాలు. తెల్లని ఒంటితో, రెక్కల అంచున నల్లని ఈకలతో ఉండే గులాబీ గూడబాతు ముక్కుపై ఈ చుక్కలు ఉండవు. గూడబాతుల కింది ముక్కుకు వేలాడే సాగుడు చర్మపు సంచి, పొలానికి నీళ్లెత్తిపోసే గూడను తలపిస్తూ, చేపలను నీటితో సహా తోడి, నీటిని వడకట్టి వదిలేస్తుంది. పిల్ల తన తలను తల్లి గొంతులోకి దూర్చి, సగం అరిగిన చేపను అందుకొనే దృశ్యం గట్టుమీద నిలబడినవారికి సైతం కనిపించడం ఈ చెరువు ప్రత్యేకత. 1946లో పశ్చిమగోదావరిలోని ఆరేడు అనే ఊరి వద్ద పక్షిశాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ గుర్తించిన బూడిదరంగు గూడబాతుల పెద్ద గూళ్ల సముదాయం తరువాతి దశాబ్దాలలో ఖాళీ అయిపోయినందున, ఊరివారు చెట్లను నరకక, పక్షులను బెదరగొట్టక కాపాడుకొస్తున్న ఇటువంటి చిన్న చెరువుల విలువ ఎంతో పెరిగింది.