చిలక రెక్కకు కత్తెర ఎవరు వేయాలి?

జంతుశాస్త్రం చదువుతున్నామని తెలిస్తే చాలు, చుట్టుపక్కల వాళ్ళు మనకు రకరకాల ఉద్యోగాలు అప్పజెప్పేస్తారు. పెరట్లో కనబడిన పాము విషప్పామా కాదా చెప్పమంటారు. పిల్లి అన్నం మానేసింది, ఎందుకో చూడమంటారు. ఈమధ్య నాకు తరచు ఎదురవుతున్న కోరిక మాత్రం వేరు. "ఒరే, మా చిలక రెక్కలు కాస్త కత్తిరించి పెట్టు. కప్పల్ని కోసిన చెయ్యే గదా!" కాలేజీల్లో కప్పల్ని కోయడం మానేసి చాలా ఏళ్ళయిందని చెప్పినా ఎవరూ నమ్మరు. "ఎలా కత్తిరించాలి?" అని అడిగేవాళ్ళే తప్ప "ఎవరు కత్తిరించాలి?" అని అడిగిన మనిషి నాకింతవరకు తారసపడలేదు. నా ఉద్దేశంలో మొదట తేల్చుకోవలసింది ఆ రెండో ప్రశ్న.

దానికంటే ముందు, ఆ చిలక ఏ చిలకో చూడాలి. మెడ చుట్టూ గులాబీ పట్టె, ఎర్రటి ముక్కు ఉన్న మన రామచిలకయితే జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. దాని రెక్క ఎవరూ ముట్టుకోకూడదు, అసలది ఇంట్లోనే ఉండకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. 2022లో ఆ చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పట్టికల్లో రామచిలక రెండో షెడ్యూల్లో ఉంది. మన దేశపు పక్షుల వ్యాపారం 1990-91 నుంచే నిషిద్ధం. అయినా చిలకజోస్యం చెప్పేవాడి పెట్టెలోంచి కార్డు లాగడానికి బయటికొచ్చే పక్షిని చూడండి, అది ఎందుకు ఎగిరిపోదో దాని రెక్కలు చూస్తే తెలుస్తుంది. చిలకను పంజరంలో పెట్టిన పాపానికే భద్రాచల రామదాసు చెరసాల అనుభవించాడని చెప్పుకునే జాతి మనది. కథ కథే, పంజరం పంజరమే. ఇంట్లో అలాంటి పక్షి ఉంటే అటవీశాఖ వారికి అప్పజెప్పాలి. "పాపం" అని ఒక పొద్దున్నే కిటికీ తెరిచి వదిలేస్తే, ఈకలు లేని పక్షి నేరుగా పిల్లి నోట్లోకి పోతుంది.

ఇక మిగిలినవి విదేశీ పక్షులు. అంగళ్ళలో "లవ్ బర్డ్స్" అని అమ్మేవాటిలో చాలా భాగం నిజానికి బడ్జెరిగార్లు, వాటి సొంత ఊరు ఆస్ట్రేలియా. తలమీద కుచ్చుతో ఉండే కాకటీలూ అక్కడిదే. అసలు సిసలు లవ్ బర్డ్ ఆఫ్రికాది. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి పెద్ద చిలకలుంటే 2024లో వచ్చిన నియమాల ప్రకారం నమోదు చేయించుకోవాలి. నేనిక్కడ చెప్పేదంతా ఈ విదేశీ పక్షుల సంగతే.

"ఈకేగా, గోరు లాంటిది, కత్తిరిస్తే నొప్పేమిటి?" అంటారు. సగం నిజం. పూర్తిగా పెరిగిన ఈక గోరు లాంటిదే. రెండూ కెరటిన్ అనే పదార్థంతో అయినవే, వాటిలో ప్రాణం లేదు. కానీ పెరుగుతున్న ఈక అలా కాదు. దాని కాడలో నెత్తురు పారుతూ ఉంటుంది. ఇంగ్లీషులో బ్లడ్ ఫెదర్ అంటారు, మనం నెత్తుటీక అందాం. పండిన ఈక కాడ తెల్లగా, బోలుగా ఉంటుంది. నెత్తుటీక కాడ లావుగా, నీలంగానో ముదురు ఎరుపుగానో కనిపిస్తుంది. నల్లటి ఈకలున్న పక్షిలో ఈ తేడా కనిపెట్టడం కష్టం. తెలియక దాన్ని తెగ్గోస్తే ఏమవుతుంది? ఒక బడ్జెరిగార్ బరువు సుమారు 35 గ్రాములు. పక్షి బరువులో దాదాపు పదో వంతు రక్తం, అంటే మూడున్నర మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పక్షి తన బరువులో నూటికి ఒక వంతు మేరకు రక్తం పోయినా తట్టుకుంటుందని లెక్క. మన పక్షికి అది 0.35 మిల్లీలీటరు, ఆరేడు చుక్కలు! మనకు వేలు తెగితే అంతకంటే ఎక్కువే పోతుంది, చొక్కాకు తుడుచుకుని ఊరుకుంటాం.

రెండో ప్రమాదం కత్తెరలో లేదు, పట్టుకునే చేతిలో ఉంది. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పినా కొత్తగానే వింటారు. మనకున్నట్టు పక్షికి ఊపిరితిత్తుల కింద ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. పారిపోతుందేమోనని గుప్పిట బిగించి రొమ్ము నొక్కి పట్టుకుంటే, ముక్కు మూయకుండానే ఊపిరి ఆపినట్టు. చిన్న పక్షులు అలా చేతిలోనే చచ్చిపోతాయి, "భయంతో పోయింది" అని మనం సర్దిచెప్పుకుంటాం. తెలిసినవాళ్ళు పలచని తువాలు కప్పి, దవడలకు రెండు పక్కలా వేళ్ళు ఆనించి తల కదలకుండా పడతారు. రొమ్ముమీద బరువు పెట్టరు. పక్షి ముక్కు తెరిచి రొప్పుతుంటే పని సగంలో ఉన్నా వదిలేస్తారు. అంచేత ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు కత్తిరించాలి.

ఇంతకీ కత్తిరించేది ఏ ఈకలు? చిలక రెక్క కొసన, మన అరచెయ్యి ఉండేచోట, ప్రైమరీలనే పొడుగాటి ఈకలు పది ఉంటాయి. వాటిలో బయటివైపువి కొన్ని, రెండు రెక్కలకూ సమానంగా, పైనుండే కప్పు ఈకల అంచు దాటి లోపలికి పోకుండా కత్తిరిస్తారు. ఒంటికి దగ్గరగా ఉండే సెకండరీల జోలికి పోరు. ఎన్ని అన్నది పక్షిని బట్టి ఉంటుంది. కాకటీల్ లాంటి తేలిక పక్షికి కొంచెం ఎక్కువ తీయాలి, లేకపోతే మామూలుగానే ఎగురుతుంది. ఆఫ్రికన్ గ్రే లాంటి బరువైన పక్షికి తక్కువ తీయాలి, లేకపోతే రాయిలా పడుతుంది. పక్షి ఎగరలేకపోవాలన్నది ఇక్కడ ఉద్దేశం కాదు. పైకి లేవలేకపోయినా మెల్లగా జారుతూ నేల మీద వాలగలగాలి. ఒక్క రెక్కే కత్తిరించే పద్ధతి కూడా ఉంది, దాన్ని పద్ధతి అనడమే తప్పు. తూకం తప్పిన పక్షి గింగిరాలు తిరిగి పడుతుంది. జూలలో నీటిపక్షులకు కొన్నిచోట్ల రెక్క కొస ఎముకనే తీసేస్తారు. అది శస్త్రచికిత్స, మళ్ళీ పెరగదు. దాన్నీ దీన్నీ ఒకటనుకోకూడదు.

మా వీధిలో ఒకరింట కాకటీల్ ఉండేది. కొన్న అంగట్లోనే "సార్, ఎగరకుండా చేసిస్తాం" అని రెండు రెక్కలూ కప్పు ఈకల దాకా నున్నగా కత్తిరించి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు, ఉచితం. ఇంటికొచ్చిన మూడోనాడు బీరువా మీదనుంచి దూకి గచ్చు మీద రొమ్ముతో పడింది. రొమ్ము ఎముక నడుమ పడవ అడుగులా ఒక గట్టు ఉంటుంది, దానిమీద కండ లేదు, పలచని చర్మమే. అది చీలింది. కుట్లు వేయించి తెచ్చాక కూడా రెండుసార్లు పడి కుట్లు విప్పుకుంది. పాత ఈకల మొదళ్ళు రాలి కొత్తవి వచ్చేదాకా దానికి ఆ పడటం తప్పలేదు. ఈక రాలడానికి నెలలు పడుతుంది, కత్తెరకు అర నిమిషం చాలు. అందుకే అమ్మేవాడు కత్తిరించడం నాకు బొత్తిగా సమ్మతం కాదు. రేపు ఆ పక్షి పడితే చూసేది అతను కాదు. పైగా పిల్లపక్షి ఒకసారైనా ఎగరడం, వాలడం నేర్చుకోకముందే రెక్కలు తీసేస్తే దానికి తూకం పట్టుబడదు.

మరి యజమాని? చెయ్యి నేర్పరిదయితే చేయవచ్చు, కానీ ఇంకో చిక్కుంది. చిలకకు జ్ఞాపకం గట్టిది. పొద్దున గింజలు పెట్టిన చెయ్యే సాయంత్రం తువాలు కప్పి రెక్క లాగితే, మర్నాడు ఆ చేతి మీదికి రావడం మానేస్తుంది. చాన్నాళ్ళు పెంచినవాళ్ళు కూడా ఆ పని బయటివాళ్ళచేత చేయించడం ఇందుకే. పక్షుల్ని పెంచి అనుభవమున్నవాళ్ళలో మంచి పనివాళ్ళున్నారు, కాదనను. నెత్తురు కారితే మాత్రం వాళ్ళూ పరుగెత్తవలసింది డాక్టరు దగ్గరికే.

కాబట్టి మొదటిసారి తప్పకుండా పశువైద్యుడే చేయాలంటాను. అయితే పశువైద్య పట్టా ఉన్న ప్రతివారికీ చిలకలు అలవాటుండవు. మన పట్నాల్లో చాలామందికి గేదెలు, కుక్కలతోనే రోజు గడిచిపోతుంది. మొహమాట పడకుండా కొన్ని అడగండి. పక్షుల్ని తరచు చూస్తారా, ముందు తూకం వేస్తారా, నెత్తుటీక తెగితే ఏం చేస్తారు అని. "అసలెందుకు కత్తిరించాలి?" అని ఆయనే మిమ్మల్ని ఎదురు అడిగితే సరైన చోటికే వచ్చారన్నమాట. దగ్గర్లో ఎవరూ లేకపోతే తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో వాకబు చేయవచ్చు. డాక్టరు చేస్తుంటే రెండుమూడుసార్లు దగ్గరుండి చూసి, ఆయన ఎదుటే ఒకసారి చేసినవాళ్ళు ఆ తర్వాత ఇంట్లో చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఒక బొమ్మ చూసి నేర్చుకున్నవాళ్ళూ, జంతుశాస్త్రం చదివే నాబోటివాళ్ళూ మాత్రం దూరంగా ఉండాలి.

డాక్టరు వేసే ఆ "ఎందుకు" ప్రశ్నకు మన ఇళ్ళలో వచ్చే జవాబు సాధారణంగా సీలింగ్ ఫ్యాను. భయం నిజమైనదే. కిటికీ, పొయ్యి మీద కాగే నూనె, మూతలేని నీళ్ళ బకెట్టు కూడా ఆ వరసలోవే. కానీ పక్షిని బయటికి వదిలిన గంటసేపు ఫ్యాను కట్టేసి, కిటికీలకు దోమల జాలీ కొట్టించి, వంటింటి తలుపు మూస్తే వీటిలో చాలా భాగం కత్తెర లేకుండానే తీరిపోతాయి. రెక్కాడితేగాని డొక్కాడదన్నది పక్షి ఒంటికి కూడా వర్తిస్తుంది. ఎగరని చిలక కొవ్వు పడుతుంది, రొమ్ముకండ సన్నబడుతుంది. ఇంట్లో చంటిపిల్లలు, తలుపులు ఎప్పుడూ తెరిచి ఉండే ఇళ్ళు, ఇలాంటి చోట్ల కత్తిరించక తప్పదనే వాళ్ళ మాట కూడా నేను కొట్టిపారేయను.

కత్తిరించారే అనుకుందాం. ఆ ధైర్యంతో పంజరం బయట పెట్టి పక్షిని భుజమ్మీద వేసుకుని వీధిలోకి పోకండి. తేలిక పక్షిని గట్టి గాలి ఎత్తుకుపోగలదు. నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్క ఈక మళ్ళీ వస్తుంది. అలా ఒంటరిగా వచ్చే నెత్తుటీకకు పక్క ఈకల కాపుదల ఉండదు, పంజరం చువ్వకు తగిలి విరగవచ్చు. విరిగి నెత్తురొస్తే శుభ్రమైన గుడ్డతో ఆ చోట మాత్రమే అదిమి పట్టండి, కాస్త కార్న్‌ఫ్లోర్ అద్దండి. ఇంటివాళ్ళు పసుపో కాఫీపొడో తేబోతారు, ముందు కావలసింది అదిమి పట్టడం. ఈకను మీరే పీకెయ్యవద్దు, ప్రైమరీల మొదళ్ళు ఎముకను అంటుకుని ఉంటాయి. నెత్తురు కొద్ది నిమిషాల్లో ఆగకపోతే అదిమిపట్టే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంటికి తెచ్చాక వారం రోజులు వాలే కర్రను కిందికి దించి, పంజరం అడుగున మెత్తటి గుడ్డ పరవండి. తినడం, రెట్ట వేయడం మామూలుగా ఉన్నాయా లేదా రోజూ చూసుకోండి.