బి.టి. పత్తి: లాభం చేనులో, బెడద గింజలో

పూడూరు: వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో పత్తి, కంది ఇరుగుపొరుగు పంటలు. రెండింటికీ ఉమ్మడి శత్రువు శనగపచ్చ పురుగు. 2002 మార్చిలో కేంద్రం అనుమతించిన బి.టి. పత్తి ఈ పురుగును బాగా అదుపు చేసింది. తొలి ఏళ్లలో పురుగుమందుల ఖర్చు తగ్గింది. ఆ మేలు కాదనలేనిది.

గులాబీ రంగు పురుగు మాత్రం ఎక్కువ కాలం లొంగి ఉండలేదు. ఒక జన్యువు గల రకాన్ని అది తట్టుకుంటున్నట్లు 2010లో గుజరాత్‌లో వెల్లడైంది. 2006లో వచ్చిన రెండు జన్యువుల రకానికీ తరువాత అదే గతి పట్టింది. విత్తన సంచితో ఇచ్చే బి.టి. కాని గింజలను చేను చుట్టూ వేస్తే ఈ ముప్పు ఆలస్యమయ్యేది, చాలామంది వేయలేదు.

ఇది రైతుల గొడవేనని వర్తకులు ఊరుకోరాదు. పురుగు తొలిచిన కాయలో దూది రంగు మారుతుంది, పింజ నాణ్యత తగ్గుతుంది, ధర కోతపడుతుంది. పైగా ఈ పురుగు గింజలోనే దాగి నిద్రావస్థలో ఉంటుంది. జిన్నింగు మిల్లులో పోగుపడిన గింజ నుంచి రెక్కల పురుగులు లేచి చుట్టుపక్కల చేలకు చేరతాయి.

కనుక గింజను త్వరగా నూనె మిల్లులకు తరలించాలి. మిల్లు ఆవరణలో లింగాకర్షక బుట్టలు పెట్టాలి. చేలల్లో పంటను జనవరి దాటనీయరాదు. ఈ ఏడు గింజ నిల్వపై ఏమరిన మిల్లే వచ్చే ఏడు నాసి సరకు కొనవలసి వస్తుంది.