రేఖాగణిత బోల్డ్ అక్షరరూపం: స్వభావం, వినియోగం

1. ఉపోద్ఘాతం:

రోమన్ లిపిలో అక్షరపు గీతల చివర ఉండే చిన్న కొసలను ‘సెరిఫ్’లంటారు. అవి లేనివి ‘సాన్స్ సెరిఫ్’ అక్షరాలు. వీటిలో వృత్తం, త్రిభుజం, సరళరేఖల ఆధారంగా రూపొందినవి రేఖాగణిత తరగతికి చెందుతాయి. జర్మనీకి చెందిన పౌల్ రెన్నర్ (1878-1956) రూపొందించగా, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ టైపు ఫౌండ్రీ 1927లో విడుదల చేసిన ‘ఫ్యూచురా’ ఈ తరగతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని బోల్డ్ రూపం ఆధారంగా ఈ తరగతి స్వభావాన్ని, వినియోగాన్ని వివరించి, తెలుగు లిపికి అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. స్వభావం:

ఫ్యూచురా అక్షరాలు వృత్తలేఖినితో, కొలబద్దతో గీసినట్లు కనిపిస్తాయి. కానీ వాటి నిర్మాణం పూర్తిగా అలాంటిది కాదు. సమాన మందంతో గీసినప్పుడు అడ్డగీత నిలువుగీత కన్నా లావుగా కంటికి తోస్తుంది. అందువల్ల అడ్డగీతను కొంచెం సన్నం చేయాలి. గుండ్రని భాగం నిలువుగీతను కలిసేచోట నలుపు ముద్దకట్టకుండా గీతను తగ్గించాలి. పలుచని అక్షరంలో ఈ సవరణలు స్వల్పం. గీత లావెక్కినకొద్దీ ఇవి పెరుగుతాయి. కాబట్టి బోల్డ్ రూపమంటే పలుచని అక్షరానికి మందం చేర్చడం కాదు, దానిని తిరిగి రచించడం.

3. వినియోగం:

దూరం నుంచి కూడా పదం ఒకే చూపులో అందడం ఈ అక్షరాల బలం. అందుకే శీర్షికలకు, పోస్టర్లకు, ప్రకటనలకు వీటిని ఎక్కువగా వాడతారు. అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ నలుపు తెలుపు ఛాయాచిత్రాల మీద ఎర్రని పట్టీల్లో చిన్న వాక్యాలను ఫ్యూచురా బోల్డ్ వాలు అక్షరాల్లో కూర్చారు. వెస్ ఆండర్సన్ 2001 నాటి చిత్రం ‘ది రాయల్ టెనన్‌బామ్స్’లోనూ ఫ్యూచురా బోల్డ్ ప్రముఖంగా కనిపిస్తుంది. అయితే పుటల కొద్దీ సాగే వచనానికి ఇది అనుకూలం కాదు. అక్షరాల లోపలి ఖాళీ తగ్గి కన్ను అలసిపోతుంది. అంతటా నొక్కి చెప్పినప్పుడు దేనికీ ప్రాధాన్యం మిగలదు.

4. తెలుగు లిపికి అన్వయం:

తెలుగు అక్షరాల్లో వంపులు ఎక్కువ కనుక ఈ పద్ధతి సులభంగా ఒదుగుతుందని అనిపించవచ్చు. కానీ ‘ర’కూ ‘ఠ’కూ, ‘ధ’కూ ‘థ’కూ భేదం ఒక చుక్క మాత్రమే. గీతలు లావెక్కి లోపలి ఖాళీ పూడితే ‘కథ’ను ‘కధ’గా చదివే ప్రమాదం ఉంది. పైన గుడి, కింద ఒత్తు చేరినప్పుడు స్థలం మరింత తగ్గుతుంది. ‘మండలి’ వంటి కొన్ని తెలుగు ఫాంట్లు ఒకే మందంలో లభిస్తాయి. వాటికి బోల్డ్ గుర్తు నొక్కితే కంప్యూటర్ అంచులను యాంత్రికంగా లావు చేస్తుందే తప్ప పైన చెప్పిన సవరణలు చేయదు. సిద్ధాంత గ్రంథాల శీర్షికల్లో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది.

5. ముగింపు:

• రేఖాగణిత బోల్డ్ అక్షరం గణితబద్ధంగా కనిపించినా, కంటికి అనుగుణమైన సవరణల మీదే నిలుస్తుంది.
• అది శీర్షికలకు తగినది, సుదీర్ఘ వచనానికి తగినది కాదు.
• తెలుగులో బోల్డ్ వాడదలచిన పరిశోధకులు, అందుకోసం ప్రత్యేకంగా రూపొందిన మందం ఉన్న ఫాంట్‌ను ఎంచుకోవాలి. అది లేనప్పుడు అక్షర పరిమాణాన్ని పెంచి శీర్షికను వేరుచేయడం మేలు.