ఫైటర్ చేపకు చక్కని చిన్న ఇల్లు

ఇంట్లో పిల్లలున్నాక ఎప్పుడో ఒకప్పుడు రంగు చేప కావాలని మారాం చేయక మానరు. బజారుకు వెళ్తే చిన్న చిన్న సీసాల్లో, పట్టుచీర కుచ్చిళ్ల లాంటి రెక్కలతో ఫైటర్ చేపలు కనబడతాయి. "దీనికి గాజు గిన్నె చాలమ్మా, మోటారు కూడా అక్కర్లేదు" అంటాడు అంగడతను. చాలా ఇళ్లల్లో అలాగే తెచ్చి పెడతారు. నెల తిరక్కుండానే చేప కాస్తా తేలిపోతుంది. పిల్లలు ఆ పూట అన్నం ముట్టరు. "మన ఇంటికి చేపలు అచ్చిరావు" అని పెద్దవాళ్లు తేల్చేస్తారు.

అచ్చిరాకపోవడమంటూ ఏమీ లేదండీ. చాలాసార్లు దాన్ని చంపేది నీళ్లే. నీళ్ల సంగతి చూసుకుంటే ఈ చేప సుమారు మూడేళ్లు హాయిగా బతుకుతుంది.

గిన్నె ఎందుకు చాలదు?

ఈ చేప అసలు పేరు బెట్టా. పుట్టిల్లు థాయ్‌లాండ్. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడ వరిమళ్లలో, నిలవ నీటి మడుగుల్లో ఉంటుంది. మొప్పలతో పాటు గాలి పీల్చుకునే ప్రత్యేక అవయవం కూడా దీనికి ఉంది. అందుకే మాటిమాటికీ పైకొచ్చి గుటక వేస్తుంది. సీసాలో ఊపిరాడుతుంది కాబట్టి సీసా చాలని అనుకుంటారు. కానీ వరిమడి లోతు తక్కువైనా ఎంత విశాలమో మనకు తెలియనిదా? గిన్నెలో చేప విసర్జించినదీ, మిగిలిన మేతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఆ విషంలోనే అది ఈదాలి.

ఏమేం కావాలి?

16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ఉన్న గాజు తొట్టి తీసుకోండి. దాదాపు 20 లీటర్లు, అంటే ఒక మంచినీళ్ల క్యాన్ అంత పడుతుంది. నీళ్లతో, రాళ్లతో 25 కిలోల దాకా తూగుతుంది. గట్టి బల్ల మీద, కింద థర్మోకోల్ వేసి పెట్టండి. ఫ్రిజ్ మీద వద్దు. అడుగున కడిగిన సన్నరాళ్లు, ఒక స్పాంజి ఫిల్టరు, దానికి చిన్న గాలి పంపు. గాలి సన్నగా వచ్చేలా పెట్టండి, పొడుగు రెక్కల చేప ఉధృతికి తట్టుకోలేదు. పంపును నీటిమట్టం కన్నా ఎత్తులో ఉంచితే కరెంటు పోయినప్పుడు నీళ్లు దానిలోకి రావు.

ఈ చేప ఎగిరి దూకుతుంది. పైన దోమతెర గుడ్డ కట్టండి. నీటికీ మూతకూ మధ్య ఒకటి రెండు అంగుళాల ఖాళీ తప్పనిసరి.

నీళ్లు, ఓపిక

తిరుపతిలో కొందరికి కొళాయి నీళ్లు, కొందరికి బోరు నీళ్లు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. ఏ నీళ్లతో మొదలుపెడితే వాటినే కొనసాగించండి. క్యాన్లలో వచ్చే ఆర్వో నీళ్లు మాత్రం ఒక్కటే పోయకండి, వాటిలో లవణాలు ఉండవు.

ఇక అసలు రహస్యం. నీళ్లు పోసిన రోజే చేపను వదలకూడదు. పాలు తోడుకోవడానికి రాత్రంతా పట్టినట్టే, తొట్టిలో మేలు చేసే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవే అమ్మోనియాను విరిచి హాని తగ్గిస్తాయి. చేప లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి, ఫిల్టరు నడపండి. ఎవరింట్లోనైనా చేపలు బాగున్న తొట్టి ఉంటే, వాడిన స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. అదే తోడు! చేపల అంగళ్లలో అమ్మోనియా పరీక్ష కిట్ దొరుకుతుంది. సున్నా చూపించాకే చేపను తీసుకురండి.

తెచ్చిన కవరును పావుగంట తొట్టిలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు కలిపి, చేపను మాత్రమే వదలండి. అంగడి నీళ్లు పారబోయండి.

రోజువారీ పనులు

కోనేట్లో చేపలకు బొరుగులు వేసే అలవాటు మనది. దీనికి బొరుగులు, మెతుకులు వేయకండి. ఇది మాంసాహారి. బెట్టా మేత గుళికలు పూటకు రెండు మూడు, రోజుకు రెండు పూటలు చాలు. వారానికొకరోజు ఉపవాసం మంచిదే.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి, నిలవ ఉంచిన నీళ్లు పోయండి. తీసిన నీళ్లు మల్లె మొక్కకు మంచి ఎరువు. ఆ నీళ్లలోనే స్పాంజిని పిండండి. కొళాయి కింద తోమారంటే పెంచుకున్న సూక్ష్మజీవులు చచ్చి, కథ మళ్లీ మొదటికొస్తుంది.

నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీలుండాలి. ఎండాకాలం తొట్టిని కిటికీకి దూరంగా జరిపి, నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలేలా చేయండి. ఐసు ముక్కలు వేస్తే ఒక్కసారిగా చల్లబడి ప్రాణం మీదికొస్తుంది. మదనపల్లె, పలమనేరు వైపు వాళ్లకు చలికాలంలో చిన్న హీటరు అవసరం.

బాగా ఎండి రాలిన బాదం ఆకు ఒకటి కడిగి వేస్తే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. కంగారు పడకండి, ఇలాంటి నీళ్లంటే బెట్టాకు ఇష్టం. మందు కొట్టిన చెట్టు ఆకు మాత్రం వద్దు.

"ఒంటరిగా ఉంది పాపం" అని ఇంకో మగ చేపను వేయకండి. రెండూ కొట్టుకుని చస్తాయి. ఫైటర్ అన్న పేరు ఊరికే రాలేదు. పెంచలేకపోతే ఎవరికైనా ఇవ్వండి కానీ చెరువులో, కోనేట్లో వదలకండి. ఇళ్లల్లో పెంచిన సక్కర్ చేపలను అలా వదిలేస్తేనే అవి చెరువుల్లో విస్తరించి, జాలర్ల వలలు చింపుతున్నాయి.

ఈసారి పిల్లలు మారాం చేస్తే కాదనకండి. ముందు తొట్టి పెట్టి, నెల రోజులు ఆగుదామని చెప్పండి. మేత వేసే పని, క్యాలెండరులో రోజులు కొట్టేసే పని వాళ్లకే అప్పగించండి. ఒక ప్రాణిని ఇంటికి తెచ్చేముందు దానికి చోటు సిద్ధం చేయాలని వాళ్లకు ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ నేర్పదు.